జిమ్‌ను క్లాసులోకి తీసుకెళ్లే ముందు

అల్లుడూ,

ఆశీస్సులు. ఈ సెమిస్టర్‌లో మీ కడప పిల్లలకు కాన్రాడ్ నవల ‘లార్డ్ జిమ్’ చెప్పాలని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. మొదటి రోజే కథంతా చెప్పేయొద్దు, అంతే. “జిమ్ ఓడ వదిలి దూకేశాడు, ఆ మచ్చ చచ్చేదాకా పోలేదు” అని నువ్వే తేల్చేస్తే ఇక వాళ్లు చదివేదేముంది? ఆ ముక్క గైడ్‌లోనూ ఉంటుంది.

కాన్రాడ్ గడుసుతనం చూడు. మూడో అధ్యాయం చివర, జిమ్ అధికారిగా ఉన్న పట్నా అనే ఓడ నీళ్లలో దేన్నో రాసుకుంటూ పోతుంది. నాలుగో అధ్యాయం తెరిస్తే జిమ్ విచారణలో నిలబడి ఉంటాడు. దూకిన సంగతి అతని నోట వచ్చేది తొమ్మిదో అధ్యాయం చివర. అదీ, ఎవరో దూకితే తను చూసినట్టు చెబుతాడు. నువ్వూ పిల్లల్ని అంతవరకూ ఆపు. మూడో అధ్యాయం కాగానే పుస్తకం మూయించి బోర్డు మీద రాయి: యాత్రికులు 800, పడవలు 7. తుప్పు పట్టిన ఇనుప గోడ ఒక్కటే నీళ్లను ఆపుతోందని చెప్పు. “నువ్వైతే ఏం చేస్తావు?” అని మాత్రం అడగొద్దు, క్లాసులో అందరూ హీరోలైపోతారు. “ముందు ఎవర్ని లేపుతావు?” అని అడుగు. అప్పుడు నోళ్లు మూతపడతాయి.

ఆ 800 మందీ మక్కాకు పోతున్నవాళ్లు. నీ క్లాసులో హజ్ చేసొచ్చిన ఇళ్ల పిల్లలు తప్పకుండా ఉంటారు. వాళ్ల నానీ ఎన్నేళ్లు డబ్బు కూడబెట్టిందో, బయల్దేరే ముందు ఇంటింటికీ పోయి మాఫీ ఎలా అడిగిందో వాళ్ల చేతే చెప్పించు. నవలలో ఆ యాత్రికులకు పేర్లు కూడా లేవు. ఇది ఉత్త కల్పన కాదనీ చెప్పు. 1880లో జెద్దా అనే ఓడను ఇలాగే అధికారులు వదిలేసి, ఏడెన్ చేరి, ఓడ మునిగిపోయిందన్నారు. మర్నాడు ఆ ఓడ యాత్రికులతో సహా అదే రేవుకు వచ్చింది!

మన సీమలో పరువంటే పిల్లలకు ముందు గుర్తొచ్చేది సినిమాల్లో తొడగొట్టడమే. అందుకని జిమ్‌ను “పిరికోడు సార్” అని కొట్టిపారేస్తారు. కొట్టిపారేయనీ. తర్వాత నెమ్మదిగా కదుపు. కెప్టెన్ బండెక్కి మాయమయ్యాడు, ఇంజనీర్లు ఆసుపత్రిలో చేరారు. జిమ్ ఒక్కడే విచారణకు ఎందుకు నిలబడ్డాడు? దొరలంతా దూకినా చుక్కాని వదలని ఆ ఇద్దరు మలయ్‌వాళ్లది ధైర్యమా, అలవాటా? చివరికి మునగని పట్నాను ఇంకో ఓడ లాక్కుపోతుంటే 30 గంటలు అందులోనే ఉన్న ఫ్రెంచి అధికారిని కూడా చూపించు. భోజనంలోకి వైన్ లేదన్నదే ఆయన బాధ. నాకు మొత్తం నవలలో బాగా నచ్చిన మనిషి ఆయనే.

బ్రయర్లీ దగ్గర జాగ్రత్త. విచారణలో కూర్చున్న పెద్దమనిషి, తర్వాత సముద్రంలో దూకి చచ్చిపోతాడు. దాన్ని గొప్పగా చెప్పకు. మార్కులు తగ్గినా పిల్లలేమైపోతారోనని భయపడే రోజులివి. ఆ పూట బెల్ కొట్టగానే స్టాఫ్‌రూమ్‌కు పరిగెత్తక కాసేపు వాళ్లతోనే ఉండు. చివర్లో జిమ్ తనంత తాను వెళ్లి తుపాకీ ముందు నిలబడటం బాధ్యతా, పారిపోవడమా అన్నదీ నువ్వు తీర్పు చెప్పకు. వాళ్లలో వాళ్లు కొట్లాడుకోనీ.

అన్నట్టు, రెండో సగంలో వచ్చే దుర్మార్గుడి పేరు బ్రౌన్. మీ ఊళ్లో ఆ పేరుకు దండం పెడతారు కదా, మన సి.పి. బ్రౌన్ వేరు, వీడు వేరని ముందే చెప్పు.

ఇంటర్నల్‌కు ‘జిమ్ పాత్ర చిత్రణ’ ఇస్తే గైడ్ కాపీలే వస్తాయి. పట్నాలోని యాత్రికుడు ఒకడు విచారణకు వచ్చి సాక్ష్యం చెబితే ఎలా ఉంటుందో ఒక పేజీ రాయమను. ఇంగ్లీషు తప్పులకు మార్కులు కోయకు.

అనంతపురం నుంచి,
మీ మామ