శిర్డీ ట్రిప్‌లో ఒక రోజు మిగిలితే నాసిక్‌లో ఎన్ని వైనరీలు చూడొచ్చు?

ఫిబ్రవరిలో శిర్డీ వస్తున్నామని, ఒక రోజు ఖాళీగా ఉందని, నలుగురిలో అమ్మగారు కూడా ఉన్నారని రాశారు. ఆ ఒక్క రోజులో నాసిక్ దగ్గర ఎన్ని వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, చూడగలమని మీ ప్రశ్న. పుణెలో ఉంటాం కాబట్టి నేను ఇప్పటికి ఐదారుసార్లు వెళ్లాను. రెండు చూడండి చాలు. మూడోది అసలు పెట్టుకోకండి.

మొదటిసారి మేం నాలుగు రాసుకుని బయల్దేరాం. అన్నీ నాసిక్ పేరుమీదే ఉంటాయి గానీ ఒకచోట ఉండవు. సూలా, యార్క్, సోమా గంగాపూర్ డ్యామ్ వైపు ఉంటాయి. వలోన్, గ్రోవర్ జాంపా ఇగత్‌పురి వైపు, ముంబై వెళ్లే దారిలో ఉంటాయి. మేం పొద్దున ఇటు, మధ్యాహ్నం అటు తిరిగాం. రోజంతా కారులోనే గడిచింది, నాలుగోది చూడకుండానే చీకటి పడింది. సరిగ్గా తినకుండా రుచులు చూస్తూ పోయామేమో, మావారికి తల తిరిగి దారంతా వెనక సీట్లో పడుకున్నారు. ఆ రోజు ఏం తాగామో, ఏది బాగుందో ఇద్దరికీ గుర్తు లేదు. మీరు శిర్డీ నుంచి వస్తున్నారు కాబట్టి ఇగత్‌పురి జోలికి పోకుండా గంగాపూర్ వైపే ఉండండి.

శిర్డీ నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు. ముందు రోజు సాయంత్రమే వచ్చి నాసిక్‌లో పడుకుంటే మంచిది. పదిన్నరకల్లా సూలాలో టూర్‌కి వెళ్లండి. వారాంతంలో జనం విపరీతం, మంగళవారమో బుధవారమో అయితే గైడ్‌ని తీరిగ్గా అడిగి తెలుసుకోవచ్చు. ముందే బుక్ చేసుకోండి. ఆ రోజు డ్రై డే (మద్యం అమ్మని రోజు) కాదు కదా అని కూడా చూసుకోండి.

మీరు ఎంచుకున్న నెల చాలా మంచిది. యూరప్‌లో ద్రాక్ష ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో కోస్తారు. ఇక్కడ అప్పుడు వానలు కాబట్టి వానలు వెనకబట్టాక తీగలు కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోతలు పెట్టుకుంటారు. ఫిబ్రవరిలో గుత్తులు తీగ మీదే కనిపిస్తాయి.

మాది మేడ్చల్ దగ్గర పల్లె. తాతయ్యకి అనాబ్-ఇ-షాహీ ద్రాక్ష తోట ఉండేది. పందిరి కింద నిలబడి తలెత్తి చూడాల్సిందే, గుత్తులన్నీ నెత్తిమీద వేలాడుతుండేవి. ఇక్కడ తీగలు తీగెకంచె మీద వరసల్లో, మన ఎత్తులోనే ఉంటాయి. గైడ్‌ని అడిగితే రెడ్ వైన్ చేసే షిరాజ్ రకం ద్రాక్షపండు ఒకటి తెంపి చేతిలో పెట్టారు. బఠాణీ గింజ కన్నా కొంచెం పెద్దది, అంతే. తోలు మందం, లోపల గింజలు, తీపి మాత్రం మామూలు తీపి కాదు. నలిపితే లోపలి రసం తెల్లగానే ఉంది, వేళ్లకి అంటిన ఎరుపంతా తోలుదే. రెడ్ వైన్‌ని తోలుతో కలిపి ఎందుకు పులియబెడతారో నాకు అప్పుడే అర్థమైంది.

అమ్మగారు తాగరు కదా, బోర్ కొడుతుందేమోనని టెన్షన్ పడకండి. మా అమ్మా తాగదు. స్టీల్ ట్యాంకు మీద చెయ్యి పెట్టి, ఇంత చల్లగా ఉందేంటి అంది. వైట్ వైన్‌ని చల్లగా ఉంచి నెమ్మదిగా పులియనిస్తామని, వేడెక్కితే వాసన పోతుందని గైడ్ చెప్పాడు. "చలికాలంలో దోసెల పిండి లాగా" అని అమ్మ నాతో తెలుగులో అంది. నేను దాన్ని హిందీలో చెప్తే అతను చాలా సంతోషపడి, ఓక్ పీపాల గదిలో మాకు ఇంకాస్త సేపు చూపించాడు.

టేస్టింగ్‌లో కొంచెం కొంచెమే పోస్తారు. నచ్చనిది పూర్తిగా తాగక్కర్లేదు, పారబోయడానికి గిన్నె ఉంటుంది, మొహమాటపడొద్దు. కొత్తవాళ్లకి నా సలహా చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌తో మొదలుపెట్టడం. అది కాస్త తియ్యగా ఉంటుంది. రెడ్ వైన్ చివర్లో తీసుకోండి. అది అయ్యాక భోజనం చెయ్యండి, గంటన్నర కూర్చోండి, నీళ్లు బాగా తాగండి. శాకాహారం కూడా దొరుకుతుంది. రెండో వైనరీ, యార్క్ గానీ సోమా గానీ, అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి నాలుగింటికి వెళ్లినా చాలు.

కారు మీరు నడపకండి. నలుగురిలో ఒకరు తాగకుండా ఉంటారులే అనుకుంటాం గానీ అక్కడికెళ్లాక ఆ మాట నిలబడదు. రోజంతటికీ క్యాబ్ మాట్లాడుకోండి. తాగి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. సీసాలు కొని ఊరికి తీసుకెళ్లాలని కూడా అనుకోకండి. రాష్ట్రం దాటితే ఎక్సైజ్ నియమాలు మారతాయి, అమ్మగారితో ప్రయాణిస్తూ చెక్‌పోస్టులో ఆ తలనొప్పి ఎందుకు?

సాయంత్రం డ్యామ్ నీళ్లు కనిపించే చోట కాసేపు కూర్చోండి. అవి గోదావరి నీళ్లే. అత్తగారిది రాజమండ్రి. ఇదే మన గోదావరి అని చెప్తే నమ్మలేదు, ఇంత చిన్నగానా అని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. మర్నాడు ఆవిడ్ని త్ర్యంబకేశ్వరం తీసుకెళ్లాం. నది పుట్టేది అక్కడే, నాసిక్ నుంచి 30 కిలోమీటర్లు. మీరూ దాన్ని మర్నాటికే ఉంచుకుని తెల్లారకముందే బయల్దేరండి. శివరాత్రి దగ్గర్లో వస్తుంటే మాత్రం దర్శనానికి పూట పట్టేస్తుంది, తిరుగు రైలు రాత్రికి చూసుకోండి.