ఫ్రెంచ్‌ల "జ్యూ ద పిస్త్" అనే ఆటను తెలుగుల ఏమనాలె?

సిటీల క్లూలు పట్టుకుని తిరిగే ఆటను ఫ్రెంచోళ్లు "జ్యూ ద పిస్త్" అంటరు, దాన్ని తెలుగుల "జాడల ఆట" అనొచ్చు, పోస్టర్ మీద చూడంగనే అందరికీ తెలియాలంటే "క్లూల ఆట" అని రాసినా సరిపోతది. పిస్త్ అంటే జాడ, బాట, జ్యూ అంటే ఆట, అంటే ఒక ఆనవాలు చూసి ఇంకోదాని దగ్గరికి పోవుడే ఇందుల అసలు సంగతి. స్కౌట్ పిల్లలు అడవిల రాళ్లు, కొమ్మలు పేర్చి గుర్తులు పెట్టి ఇదే ఆడుతరు, సిటీల అయితే గుర్తుల జాగల ప్రశ్నలొస్తయి.

హనుమకొండల పెట్టినమనుకోండి, మొదటి చీటీల "మూడు గర్భగుళ్లు, ఒక్క మండపం, ఎదురుంగ నంది" అని ఉంటది, అది 1163ల రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ అక్కడ గుళ్లున్నయి. అక్కడ దొరికిన రెండో చీటీల "తలుపుల్లేవు, నాలుగు దిక్కుల నాలుగు ద్వారాలు" అని ఉంటే ఖిలా వరంగల్ కీర్తి తోరణాల కాడికి పోవాలె. ఊరి చరిత్ర తిరుక్కుంట తెలుస్తది, ఈ ఆటల గొప్పతనం అదే.

చానామంది దీన్ని నిధి వేట అని రాస్తరు, కానీ దానికి ఫ్రెంచ్‌ల "షాస్ ఓ త్రెజోర్" అని వేరే మాటుంది. అందుల ఆఖరికి దాచిన వస్తువు దొరకాలె, జాడల ఆటల ఆ రూలేం లేదు, దారి పట్టుకుని చివరిదాకా పోతే చాలు. మీరు నిజంగనే బహుమతి దాచిపెడుతుంటే మాత్రం నిధి వేట అనే రాయండి.