ఉద్యోగంలో చేరిన అల్లుడికి గేమ్స్ గురించి మామయ్య ఉత్తరం

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన లిస్టు చూశా. "జీవితంలో ఒక్కసారైనా ఆడాల్సిన వంద గేమ్స్" అంట, అందులో ఏవి ముందు ఆడాలో టిక్కులు పెట్టి పంపమన్నావు. టిక్కులు పెట్టట్లేదు గానీ నాకు తోచింది రాస్తా. ఆ లిస్టులు రాసేవాళ్ళకి రోజంతా అదే పని, నీకేమో పొద్దున్నే ఆఫీసు క్యాబు, రాత్రి అన్నం తిని ప్లేటు కడిగేసరికి పదిన్నర, ఆ తర్వాత మిగిలేది గంటో గంటన్నరో. నాదీ అదే పరిస్థితి. నేనేం పెద్ద ప్లేయర్ని కాదు, బాస్ ఫైట్, అంటే పెద్ద విలన్‌తో పోరు, వస్తే ఇప్పటికీ చేతులకి చెమట పడుతుంది, కాకపోతే టీవీకి వైరు పెట్టి కేసెట్ దోపి ఆడిన కాలం నుంచి ఇప్పటిదాకా మానలేదు. అన్నేళ్ళలో నాకు మిగిలిన కొలత ఒక్కటే, ఆ గేమ్ మన గంటకి విలువ ఇస్తుందా లేదా అని. ఎంత గొప్ప గేమ్ అని పేరున్నా సరే, ఆ గంట వేస్ట్ చేస్తే పక్కన పెట్టేయ్.

ముందు పాతవాటి సంగతి. నువ్వు "రెట్రో" అని గౌరవంగా అంటున్నావు గానీ మాకు అవి టీవీ గేమ్సే, 9999 గేమ్స్ అని రాసున్న డూప్లికేట్ కేసెట్లో నిజానికి ఉండేవి ఓ పాతిక, మిగతావన్నీ అవే గేమ్స్ పేర్లు మార్చి వేసినవి. వాటిలో ఇవాళ్టికీ నిలబడేవి నా లెక్కలో మూడే. మారియో, కాంట్రా, ట్యాంకులు. ట్యాంకులంటే బ్యాటిల్ సిటీ, 1985లో నామ్‌కో వాళ్ళది. ఇద్దరు పక్కపక్కన కూచుని ఆడటానికి దాన్ని మించింది నాకింకా దొరకలేదు, పైగా లెవెల్ మనమే గీసుకోవచ్చు, ఇటుకలు ఎక్కడ పెట్టాలి నీళ్ళు ఎక్కడ పెట్టాలి అని. నీ రూమ్మేట్‌తో ఆడు, పది నిమిషాల్లో అర్థమవుతుంది.

మారియో కూడా 1985దే. మొత్తం గేమ్ కేసెట్లో 40 కిలోబైట్లు, నువ్వు ఫ్యామిలీ గ్రూపులో చూసే గుడ్ మార్నింగ్ ఫొటోలు అంతకంటే బరువుంటాయి. మొదటి లెవెల్లో ఒక్క అక్షరం సలహా ఉండదు, అయినా పుట్టగొడుగు తినాలి, ఎదురొచ్చేదాని నెత్తిమీద దూకాలి అని ఆ లెవెలే నేర్పించేస్తుంది. ఇప్పుడొచ్చే గేమ్స్ అరగంట ట్యుటోరియల్ పెట్టి మన బుర్ర తినేస్తున్నాయి కదా, వాళ్ళందరినీ ఓసారి దీని ముందు కూచోబెట్టాలి. కానీ సేవ్ లేదు, అది గుర్తుపెట్టుకో. ఎనిమిది వరల్డ్‌లూ వరసగా ఆడాలని పంతం పట్టకు, 1-2లో, అంటే మొదటి వరల్డ్ రెండో లెవెల్లో, పైన ఇటుకల మీదుగా నడుచుకుంటూ చివరికి పోతే వార్ప్ జోన్ అనే అడ్డదారి గది వస్తుంది, అక్కణ్ణుంచి సరాసరి నాలుగో వరల్డ్.

తుపాకులతో కాల్చుకుంటూ పోయే కాంట్రా కష్టం అని నువ్వన్నావు, నిజమే. అది 1987లో ముందు ఆర్కేడ్‌లో వచ్చిన గేమ్, అంటే కాయిన్ వేసి ఆడేది, నువ్వు తొందరగా చస్తేనే ఇంకో కాయిన్ పడుతుంది, ఆ కాలం గేమ్స్ చాలావాటిలో ఉన్న కష్టం వెనకాల లెక్క ఇదే. ఇంటికొచ్చిన వెర్షన్‌లో ముప్పై లైఫుల కోడ్ ఉంటుంది చూడు, పైకి పైకి కిందకి కిందకి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ, ఆ కోడ్ పుట్టింది కాంట్రా కోసం కాదు. 1986లో గ్రేడియస్ అనే గేమ్‌ని ఇంటి మెషీన్‌కి తెచ్చేటప్పుడు కొనామీ కంపెనీలో కజుహిసా హాషిమోటో అనే ఆయనకి టెస్ట్ చేద్దామంటే ఆ గేమ్ మరీ కష్టంగా ఉండి, తన కోసం పెట్టుకున్న అడ్డదారి అది. గేమ్ తయారుచేసినాయనే కోడ్ కొట్టుకుని ఆడాడు, మధ్యలో నీకెందుకు రా సిగ్గు? అందుకే చెప్తున్నా, పాత గేమ్ ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌లా నటించే సాఫ్ట్‌వేర్‌లో, ఆడేటప్పుడు సేవ్ స్టేట్ వాడు, ఆట ఏ క్షణంలో ఉంటే అక్కడే దాచుకోవచ్చు, రివైండ్ ఉంటే అదీ వాడు, "అలా ఆడితే ఆడినట్టే కాదు" అనేవాళ్ళకి చాలా ఖాళీ ఉందనుకో. ఇంకో మాట, కాంట్రాలో జలపాతం లెవెల్ వస్తుంది కదా, అక్కడ మాత్రం నీ పార్ట్‌నర్ని వదిలేసి పైకి ఎగబాకకు, స్క్రీన్ నీతో పాటు పైకొచ్చేసి కింద ఉన్నవాడు చస్తాడు, ఆ లెవెల్ దగ్గర విడిపోయిన స్నేహాలు నాకు తెలుసు.

ఇక ఇంటర్నెట్ సెంటర్ కాలంలోవి. శత్రువుల స్థావరాల్లోకి చాటుగా దూరే తుపాకుల గేమ్ ఐజీఐ గురించి మీ బాబాయి నీకు చాలా గొప్పగా చెప్పుంటాడు, ఆయన్ని నమ్మకు. 2000లో వచ్చింది, అప్పట్లో మన ఊళ్ళల్లో అది లేని కంప్యూటర్ లేదు, ఆ మంచు కొండలూ కంచెలూ ఇప్పటికీ కళ్ళముందు ఉన్నాయి, కానీ మిషన్ మధ్యలో సేవ్ చేసుకోనివ్వదు, ముప్పావుగంట పాక్కుంటూ వెళ్ళి చివర్లో చస్తే మళ్ళీ మొదటికి. సెలవుల్లో ఉన్న పిల్లాడికి చెల్లింది, నీకు చెల్లదు. మొదటి రెండు మిషన్లు ఆడి మూసేయ్. జీటీఏ గేమ్స్‌లో ఒకటైన వైస్ సిటీలో ఆ రిమోట్ హెలికాప్టర్ మిషన్ అంటే మా బ్యాచ్ మొత్తానికి ఇప్పటికీ మంట, అయినా ఊరికే బండేసుకుని రేడియో వింటూ సముద్రం పక్కన తిరగడానికి అది ఇవాళ్టికీ బాగుంటుంది, మిషన్ల జోలికి పోకపోతే సరి. బైకు రేసుల రోడ్ రాష్ పదిహేను నిమిషాల సరదా, అంతే.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989 నాటిది, అది మాత్రం ఒక్కసారి ముట్టుకో. జోర్డాన్ మెక్నర్ అని ఒకాయన తన తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ బొమ్మల్ని ఒక్కొక్కటీ గీసుకుని చేశాడు, అందుకే ఆ మనిషి గోడ అంచు పట్టుకుని వేలాడితే మన భుజాలు లాగినట్టుంటుంది. గేమ్ మొత్తానికి అరవై నిమిషాలే టైము, చచ్చినా ఆ గడియారం ఆగదు. ఇందాక నేను చెప్పిన కొలతకి ఇది ఎదురే, ఒప్పుకుంటా, కానీ వాడు ముందే చెప్పి మరీ గంట తీసుకుంటున్నాడు, దొంగతనంగా లాగట్లేదు.

ఇండీ గేమ్స్, అంటే పెద్ద కంపెనీ లేకుండా ఒకరో ఇద్దరో చిన్న టీమో చేసేవి, వాటి దగ్గరికొస్తే నీ లిస్టులో పొలం సాగుచేసే స్టార్డ్యూ వ్యాలీ పైనే ఉంది. దీని మీద నా మాట నీకు నచ్చదేమో. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్ళకి పైగా కూచుని కోడూ బొమ్మలూ సంగీతం అన్నీ తనే చేసి 2016లో తెచ్చాడు, ఆ పనికి దండం పెట్టాల్సిందే. మొదటి వసంతం అద్భుతంగా ఉంటుంది, వాన పడిన రోజు నీళ్ళు పోసే పని తప్పిందని నిజంగానే ఆనందం వేస్తుంది. ఆ తర్వాత మెల్లగా అది ఇంకో ఉద్యోగం అయిపోతుంది రా. పొద్దున లేవగానే కోళ్ళు, ఆవులు, స్ప్రింక్లర్లు, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో క్యాలెండర్ చూసుకోవడం. అక్కడ ఒక రోజంటే మనకి పద్నాలుగు నిమిషాల లెక్క, పడుకుంటే గానీ సేవ్ అవదు, అందుకని "ఇంకొక్క రోజు" అనుకుంటూనే ఒంటిగంట అవుతుంది. పైగా గుంటూరు జిల్లాలో పుట్టిన మనకి ఇంకో నవ్వులాట, పండించిందంతా పెట్టెలో పడేస్తే తెల్లారేసరికి డబ్బులు, రేటు పడిపోదు, కమీషన్ కొట్టు లేదు, యార్డులో పడిగాపులు లేవు. మీ తాతకి చూపిస్తే ఇదేం వ్యవసాయం రా అంటాడు. ఆడు, కానీ మొదటి ఏడాది అయ్యాక ఆపేయడానికి మొహమాటపడకు.

పురుగుల లోకంలో కత్తి పట్టి తిరిగే హాలో నైట్ గురించి అందరూ చెప్పే పొగడ్త నిజమే, ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో ఉన్న చిన్న టీమ్ అంత పెద్ద లోకం కట్టి తక్కువ ధరకి ఇవ్వడం మామూలు విషయం కాదు. నాకు మాత్రం పడలేదు. చస్తే సంపాదించిన డబ్బంతా అక్కడే ఉండిపోతుంది, వెనక్కి వెళ్ళి తెచ్చుకునే దారిలో మళ్ళీ చస్తే అదీ గోవిందా. నాకున్న గంటలో నలభై నిమిషాలు పోయిన చోటికే మళ్ళీ నడవడానికి సరిపోతోంది. నీ చేతులు నాకంటే చురుకు కాబట్టి నీకు నచ్చచ్చు. 2025లో వచ్చిన దాని తర్వాతి భాగం సిల్క్‌సాంగ్‌తో మాత్రం మొదలుపెట్టకు, అది ఇంకా గట్టిది.

అదే సెలెస్టే చూడు, దూకుతూ కొండెక్కే గేమ్. కష్టంలో దానికి తక్కువేం కాదు, కానీ చచ్చిన క్షణంలోనే అదే స్క్రీన్‌లో మళ్ళీ నిలబెడుతుంది, పోయేది రెండు సెకన్లు. అసిస్ట్ మోడ్ అని ఒకటుంది, గేమ్ స్పీడ్ తగ్గించుకోవచ్చు, కావాలంటే చావే లేకుండా చేసుకోవచ్చు, అది వాడావని ఎక్కడా ఎగతాళి చెయ్యదు. స్ట్రాబెర్రీల కోసం ఎగబడకు, అవి గొప్పలకి తప్ప ఎందుకూ పనికిరావు.

రాక్షసుల గుంపుల మధ్య ప్రాణం కాపాడుకునే వాంపైర్ సర్వైవర్స్ దగ్గర జాగ్రత్త. చాలా చౌక, వేలు కదిపితే చాలు, ఒక్కో ఆట మామూలుగా అరగంటే. చేసినతను అంతకుముందు ఆన్‌లైన్ జూదం గేమ్స్ కంపెనీలో పనిచేశాడు, పెట్టె తెరిచినప్పుడు ఆ రంగులూ ఆ మోతా చూస్తే ఆ చదువు ఎక్కడిదో తెలిసిపోతుంది. పేకముక్కల గేమ్ బాలాట్రో కూడా లాగేస్తుంది కానీ దాన్ని నేను తిట్టలేను, ఎందుకంటే అక్కడ పని చేసేది నీ బుర్ర. 2024లో వచ్చింది, పోకర్ తెలియక్కర్లేదు, పెళ్ళిళ్ళలో రమ్మీ వేసిన చెయ్యికి గంటలో పట్టుబడుతుంది, అసలు డబ్బు పందెం లేనే లేదు. అయినా యూరప్‌లో ఏ గేమ్ ఏ వయసువాళ్ళకో చెప్పే రేటింగ్ వాళ్ళు పేకముక్కలు చూసి అదే ఏడాది 18 ఏళ్ళు దాటినవాళ్ళకే అన్నారు, 2025లో దాన్ని 12కి దింపారు. మీ అమ్మకి ఆ సంగతి చెప్పినా లాభం లేదు, పేకముక్క కనపడితే ఆవిడకి పేకాటే, ఫోన్‌లో వేసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకో.

ఇప్పుడు నాకు నిజంగా ఇష్టమైనవి. పేపర్స్ ప్లీజ్, 2013, లూకాస్ పోప్ చేశాడు. ఆర్స్‌టోట్‌జ్కా అని లేని దేశం ఒకటి, దాని బోర్డర్లో నువ్వు ఇమ్మిగ్రేషన్ గుమస్తావి, పాస్‌పోర్ట్‌లో పేరు సరిపోయిందా, ముద్ర సరైందేనా, డేట్ అయిపోయిందా చూసి లోపలికి పంపాలి లేదా తిప్పి పంపాలి. మన ఇళ్ళల్లో వీసా కోసం చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు చేసి, వస్తే నూట ఎనిమిది చేసిన మనిషి ఒకరైనా ఉంటారు కదా, ఇక్కడ నువ్వు కిటికీకి అవతలి పక్క కూచుంటావు. మొగుడి కాగితాలు సరిగ్గా ఉంటాయి, వెనకే వచ్చిన పెళ్ళానికి ఒక కాగితం ఉండదు. పంపితే నీ జీతంలో కోత పడచ్చు, ఇంట్లో నీ పిల్లాడికి మందులు కావాలి. ఆ గేమ్ అయ్యాక కౌంటర్ వెనక మనుషుల్ని నేను కొంచెం తక్కువ తిట్టుకుంటున్నా, కొంచెమే.

ఆయనదే రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్, 2018. ఖాళీగా తిరిగొచ్చిన ఓడ, అరవై మంది, ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో నువ్వే తేల్చాలి. యాస, చొక్కా, పడుకునే ఊయల మీది నంబరు, ఇలాంటి వాటితో పట్టుకోవాలి. మూడు సరిగ్గా రాస్తే గానీ నువ్వు కరెక్టో కాదో చెప్పదు, అందుకని గుడ్డిగా ఊహించి లాభం లేదు. కానీ ఇది మధ్యలో ఓ నెల వదిలేస్తే అన్నీ మర్చిపోతావు, సంక్రాంతి లాంటి వరస సెలవులు చూసుకుని మొదలుపెట్టు, పక్కన ఇంకో మనిషి ఉంటే ఇంకా మంచిది.

మరీ అలిసిపోయిన రోజుకి ఎ షార్ట్ హైక్. ఫోన్ సిగ్నల్ కోసం కొండెక్కే పక్షి కథ, ఒక సాయంత్రంలో అయిపోతుంది. వెన్బా కూడా అంతే, టొరంటోలో చేసింది, 2023. కెనడా వెళ్ళిన తమిళ కుటుంబం, చిరిగిపోయిన అమ్మ వంటల పుస్తకం, వంట చేయడమే పజిల్, ఇడ్లీతో మొదలవుతుంది. పజిల్స్ సులువే, గంటన్నరకి అంత రేటా అంటారు కొందరు. అట్లాంటాలో ఉన్న మీ పెద్దమ్మకి చూపించాను, కొడుకు ఇంగ్లీషులో జవాబిచ్చే సీన్ దగ్గర ఆవిడ ఏం మాట్లాడలేదు, ఆ రేటు నాకు అక్కడే గిట్టింది. మన దేశంలో చేసిన రాజీ చూడటానికి చాలా బాగుంటుంది, పుణె వాళ్ళది, 2020, ఆ కోటలూ తలుపులూ చూస్తూ నిలబడిపోయా. ఫైటింగ్ మాత్రం పలచన, కథ సగంలో తెగినట్టు ఆగిపోతుంది. మనవాళ్ళది కదా అని నీకు అబద్ధం చెప్పలేను.

కొనేటప్పుడు తొందరపడకు. గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో విష్‌లిస్టులో పడేసి సేల్ దాకా ఆగు, నచ్చకపోతే కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడుంటే డబ్బులు వెనక్కి అడగచ్చు, ఆ రెండు గంటలు చాలు గేమ్ సంగతి తెలియడానికి. అలాంటిదే ఇంకో కొట్టు ఎపిక్‌లో వారం వారం ఫ్రీగా ఇస్తారని అన్నీ పోగెయ్యకు, ఇంట్లో ఆడని గేమ్స్ కుప్ప చూస్తే అదో బెంగ. క్రాక్ చేసిన దొంగ కాపీల జోలికి అసలు పోకు, నువ్వు ఆడేది ఆఫీసు లాప్‌టాప్ మీద అని మర్చిపోతున్నావు. టీవీకి పెట్టి ఆడితే సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చెయ్, లేకపోతే నువ్వు బటన్ నొక్కాక కాసేపటికి మారియో ఎగురుతాడు, తప్పు నీదనుకుంటావు.

నా దగ్గర ప్యాడ్ ఒకటి ఎక్స్‌ట్రా ఉంది, దసరాకి మీ అమ్మ వచ్చినప్పుడు ఇచ్చి పంపుతా. ఎడమ స్టిక్ కొంచెం దానంతట అదే పక్కకి లాగుతుంది, బాలాట్రోకి ఏం ఫరవాలేదు, సెలెస్టే ఆడేటప్పుడు మాత్రం స్టిక్ వదిలేసి పైన బాణం బటన్లు వాడు.

మీ మామయ్య