ట్రెడ్‌మిల్ ఆగిన తరువాతి నిమిషం

చిరంజీవి చిట్టికి ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి నీకు స్ట్రెస్ ఎకో గదిలో (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను అల్ట్రాసౌండ్‌లో చూసే గదిలో) డ్యూటీ పడిందని అక్క చెప్పింది. 26 ఏళ్లు ఆ గదిలో పనిచేసినదాన్ని, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

వెళ్లగానే మంచం ఎక్కడుందో చూడు. ట్రెడ్‌మిల్‌కు రెండడుగుల్లో ఉండాలి. నేను కొత్తగా చేరినప్పుడు మంచం గదికి ఆ చివర ఉండేది. ఒకాయన దిగి, నడిచి వచ్చి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, నేను ఛాతీ మీద స్కాన్ చేసే ప్రోబ్ పెట్టి గుండె బొమ్మ పట్టుకునేసరికి రెండు నిమిషాలు దాటింది. పల్స్ అప్పటికే దిగిపోయింది. బొమ్మల్లో అంతా బాగానే కనిపించింది, రిపోర్టూ అలాగే వెళ్లింది. నెల తిరక్కుండా ఆయనకు యాంజియోగ్రామ్‌లో పెద్ద బ్లాక్ బయటపడింది. ఆ రోజు మంచం దగ్గరకు జరపాలని నాకు తోచలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నడక ఆగాక 60 సెకన్లలో, మహా అయితే 90 సెకన్లలో బొమ్మలన్నీ అయిపోవాలి. రక్తం చాలని గుండె గోడ శ్రమలో ఉన్నంతసేపే సరిగా కదలదు. కాస్త విశ్రాంతి దొరికితే చాలు, తేరుకుని పక్క గోడల్లాగే కదులుతుంది. చాలామందిలో నొప్పి రాకముందే, ఈసీజీ మారకముందే ఆ గోడ మందగిస్తుంది. దాన్ని కళ్లారా చూపించగలగడమే ఈ పరీక్ష గొప్పతనం.

అందుకే అసలు పని నడకకు ముందే చేసుకోవాలి. విశ్రాంతి బొమ్మలు తీసేటప్పుడు ఎక్కడ ప్రోబ్ పెడితే గుండె స్పష్టంగా వచ్చిందో అక్కడ చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టు. దిగడం, పడుకోవడం, ఊపిరి వదిలి ఆపడం, ఇవన్నీ పేషెంటు చేత ఒకసారి చేయించి చూడు. గుండెను వేర్వేరు కోణాల్లో చూడాలి కదా, పేషెంటు దిగి పడుకోగానే నేను ముందు ఫోర్ ఛాంబర్, టూ ఛాంబర్ కోణాలు పట్టేదాన్ని, లాంగ్ యాక్సిస్, షార్ట్ యాక్సిస్ ఆ తర్వాత. మీ డాక్టరుగారి వరస వేరైతే అదే పాటించు.

పెద్దవయసు ఆడవాళ్లు చీరతో వస్తారు, ట్రెడ్‌మిల్ ఎక్కడం అదే మొదటిసారి అయి ఉంటుంది. ముందురోజే ఫోన్ చేసి వదులైన బట్టలు, బూట్లు వేసుకురమ్మను. మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెరుగుతాయని చెబితే సగం టెన్షన్ పోతుంది. పల్స్ తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర ఆపాలా వద్దా అనేది డాక్టరుగారి నిర్ణయం, నువ్వు చెప్పకు. వేసుకున్నారో లేదో మాత్రం అడిగి రాసుకో.

నడకలో పల్స్ ఎంతవరకు పెరగాలో చూడటానికి 220లోంచి వయసు తీసేసి అందులో 85 శాతం లెక్క వేస్తాం. 60 ఏళ్లవారికి 136. అది తాకగానే ఆపేయడం చాలా చోట్ల చూశాను, నాకు నచ్చదు. ఓపిక ఉండి, ఇబ్బంది లేకపోతే ఇంకాస్త నడవనివ్వాలి. కానీ పెరగాల్సిన బీపీ తగ్గుతున్నా, ఛాతీలో నొప్పి ఎక్కువవుతున్నా, ఈసీజీలో వీటీ (గుండె ప్రమాదకరంగా వేగంగా కొట్టుకోవడం) కనిపించినా వెంటనే ఆపించు. గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ రోజూ పొద్దున్నే చూసుకో.

మోకాళ్ల నొప్పులవాళ్లకు నడకకు బదులు గుండె వేగం పెంచే డోబుటమిన్ మందు ఇచ్చి చేస్తారు, అది నెమ్మదిగా నేర్చుకుందువు.

మామూలు గుండె శ్రమలో గట్టిగా ముడుచుకుని, లోపలి గది చిన్నదవుతుంది. చిన్నది కాకుండా పెద్దదయితే డాక్టరుగారిని అప్పటికప్పుడే పిలువు. ఏదైనా గోడ సరిగా కనిపించకపోతే కనిపించలేదనే రాయి, నార్మల్ అని రాయకు.

మొదటి రోజు అయ్యాక ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ