పైపులో లీకును చప్పుడుతో పట్టే చదువు కావాలంటోంది పాప, సీఎస్ఈ వదిలేయాలా?

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. గ్యాస్ పైపులైన్లలో లీకును శబ్దంతో కనిపెడతారని వీడియో చూసి, ఈసీఈ గానీ ఇన్‌స్ట్రుమెంటేషన్ గానీ చదువుతానని పట్టుబట్టింది. మేము మేనేజ్‌మెంట్ కోటాలోనైనా సీఎస్ఈ ఏఐ చేర్పిద్దామనుకున్నాం. ఆడపిల్ల హెల్మెట్ పెట్టుకుని పైపుల వెంబడి తిరగాలా? రెండింట్లో ఏది మేలు?"

అన్నా, మీ అసలు టెన్షన్ ఆ హెల్మెట్ మాటలో ఉంది. ఏటా ఈ సీజన్లో తిరుపతిలో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది బ్రాంచి గురించి మొదలుపెట్టి చివరికి ఇక్కడికే వస్తారు.

ముందు పాపకు నచ్చిందేమిటో చూడండి. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తారు, భూమిలో పాతిన లైనును అలా ముంచలేం కదా. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న గ్యాస్ చిల్లులోంచి బుస్సుమని తన్నుకొచ్చినప్పుడు పుట్టే అల పైపు లోపలి గ్యాస్‌లోనే రెండు వైపులకూ పరుగెడుతుంది, అది కూడా శబ్ద వేగంతో. 20 కిలోమీటర్ల లైనుకు రెండు చివరలా సెన్సర్లు పెట్టారనుకోండి, వేగం సెకనుకు సుమారు 400 మీటర్లు అనుకోండి. మొదటి సెన్సర్‌కు అల 10 సెకన్లు ముందు చేరితే, లీకు దానికి 8 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. లెక్క ఇంతే, పాప చేత చేయించి చూడండి. కష్టమంతా ఆ తర్వాతే. గ్యాస్‌లో ఏమేం కలిశాయి, ఎంత వేడిగా ఉంది అన్నదాన్ని బట్టి ఆ వేగం మారుతుంది, కీచుమనే చప్పుడు దూరం పోయేకొద్దీ ముందే చచ్చిపోయి బొంగురుదే మిగులుతుంది, పైగా కంప్రెసర్ మోత, వాల్వు మూసిన దెబ్బ కూడా లీకులాగే వినిపించి ఉత్తుత్తి అలారాలు మోగిస్తాయి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అలాంటిది ఇంకోసారి జరగకూడదని ఒక పిల్ల ఆలోచిస్తుంటే, "మన ఇళ్లల్లో ఎవరూ చేయలేదు" అని నోరు మూయించడం మంచిది కాదన్నా. కోప్పడుతున్నానని అనుకోండి, పర్వాలేదు.

సీఎస్ఈ ఏఐ మీద నా అనుమానం దాచను. నేను చూసిన చాలా కాలేజీల్లో బోర్డు మారింది గానీ పాఠం చెప్పే మనిషి మారలేదు. లక్షలు పోసి కొన్న ఆ సీటుతో నాలుగేళ్ల తర్వాత అదే పేరున్న డిగ్రీతో బయటికొచ్చే గుంపులో మీ పాప కూడా ఒకతె అవుతుంది, అంతే. లీకు చప్పుడును వాల్వు చప్పుడు నుంచి వేరుచేయడానికి ఇప్పుడు మెషిన్ లెర్నింగే వాడుతున్నారు. కాబట్టి ఈసీఈ చదివి కోడింగ్ నేర్చుకుంటే రెండూ చేతిలో ఉంటాయి. సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే సెన్సర్ పంపినదాంట్లోంచి పనికొచ్చేది వేరుచేసే విద్య, తెలియకుండా ఏఐ ఒక్కటే చదివిన వాళ్లకు ఈ పని దొరకడం కష్టం.

అట్లాగని లీకులు పట్టే ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయనీ చెప్పను. తక్కువే. అందుకే పాప ఒక్క దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ బ్రాంచి అన్ని కాలేజీల్లో ఉండదు, ఈసీఈ దొరుకుతుంది, పైగా చిప్ డిజైన్, టెలికాం లాంటి వేరే దారులూ తెరిచే ఉంటాయి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ వచ్చే ర్యాంకు ఉంటే నేనైతే రెండో ఆలోచన చేయను.

హెల్మెట్ సంగతికొస్తే, సైటుకు వెళ్లాల్సిన రోజులుంటాయి, నిజమే. కానీ సెన్సర్లు పంపే డేటా చూసే పని కంట్రోల్ రూములో కూర్చుని చేసేదే. సైటుకు వెళ్లినా హెల్మెట్ పెట్టుకునేది తల కాపాడుకోవడానికి, అందులో పరువు పోయేదేముంది?

ఆప్షన్లు పెట్టకముందే పాపను వెంటబెట్టుకుని మీరు అనుకుంటున్న కాలేజీకి వెళ్లండి. డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) ల్యాబు చూపించమనండి, ఫైనలియర్ పిల్లలు ఏ ప్రాజెక్టులు చేస్తున్నారో పాపనే అడగనివ్వండి, మీరు పక్కన ఊరికే ఉండండి. బయట కొన్న ప్రాజెక్టులైతే రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది, అట్లాంటి చోట ఏ బ్రాంచీ వద్దు.