పుట్టింటి నుంచే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా అత్తగారిల్లు చిత్తూరు. ఆయన తాగొచ్చి కొడుతుంటే ఓర్చుకోలేక ఇద్దరు పిల్లలతో తిరుపతిలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. కేసు చిత్తూరులోనే వేయాలని, ఇల్లు అత్త పేరున ఉంది కాబట్టి నాకేమీ రాదని అంటున్నారు. పాపది ఆరో తరగతి. టీసీ ఇప్పించడు సరికదా, బడికొచ్చి ఎత్తుకుపోతానంటున్నాడు.
- ఓ సోదరి, తిరుపతి

జవాబు: చిత్తూరు వెళ్లక్కర్లేదమ్మా. 2005 నాటి గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మీరు తాత్కాలికంగా ఉంటున్న ఊరి మేజిస్ట్రేటు కోర్టులోనూ కేసు వేయొచ్చు. లాయరు ఫీజు గురించి దిగులొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.

ఇల్లు అత్తగారిదైనా, మీరు కాపురం చేసిన ఇల్లే కాబట్టి అందులో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండే హక్కే సుమా, వాటా కాదు. అక్కడికి వెళ్లడం ఇష్టం లేకపోతే వేరే ఇంటి అద్దె ఇప్పించమని కోరండి.

చాలామంది పొరపాటు చేసేది పిటిషన్ దగ్గరే. అసలు పిటిషన్ ఒక్కటే వేసి ఊరుకుంటారు. 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా వాయిదాలు సాగుతూనే ఉంటాయి. అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వుల (తీర్పు వచ్చేలోపే తాత్కాలికంగా ఇచ్చే ఆదేశాల) పిటిషన్ కూడా అదే రోజు, ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం, అంటే అఫిడవిట్‌తో వేయించండి. అందులో 'రోజూ కొట్టేవాడు' అని రాస్తే పట్టు చిక్కదు. 'సంక్రాంతి ముందురోజు రాత్రి, పాప చూస్తుండగా, బెల్టుతో' అన్నట్టు మీకు జరిగింది జరిగినట్టు రాయించండి. పిల్లల ఫీజులు, పాలు, మందుల ఖర్చు నెలకెంతో అంకెల్లో చూపండి.

పాప విషయంలో రెండు అడగాలి: 21వ సెక్షన్ కింద తాత్కాలిక కస్టడీ, 18 కింద ఆయన బడి ఛాయలకు రాకుండా రక్షణ ఉత్తర్వు. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉత్తర్వు కాపీ కోర్టు ఉచితంగానే ఇస్తుంది. జిరాక్సు తీసి హెడ్మాస్టరుకు ఇవ్వండి, గేటు దగ్గర పనికొచ్చేది అదే. ఇక టీసీ రాలేదని ప్రభుత్వ బడిలో ఆరో తరగతి పిల్లను చేర్చుకోకుండా ఆపడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

ఒంటిమీద ఇంకా దెబ్బలుంటే ఈరోజే రుయా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పరువు పోతుందని 'మెట్లమీద జారిపడ్డాను' అంటే డాక్టరు అదే రాస్తారు, రేపు అవతలి లాయరు ముందు తీసేది ఆ కాగితమే. ఎవరు, దేనితో కొట్టారో చెప్పి రాయించుకోండి.