ఇంజిన్‌లోకి నీళ్లు: క్లెయిమ్‌ను తేల్చేది రెండు ఎత్తులు

ప్రశ్న: నాది 1.2 లీటర్ల పెట్రోల్ కారు. 2023 డిసెంబరులో ఒక ట్యూనింగ్ షాపులో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కి చల్లటి గాలి అందించే ఫిల్టర్, గొట్టం) పెట్టించాను, బిల్లు తీసుకోలేదు. 2024 మార్చిలో పాలసీ రెన్యువల్ చేయించాను. 2024 ఆగస్టులో పెద్ద వానలో లింగంపల్లి రైల్వే అండర్‌పాస్‌లో బండి ఆగిపోయింది. నీళ్లు హెడ్‌లైట్ దాకా వచ్చాయి. రెండుసార్లు సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాలేదు. కారులో అమ్మ, ఏడు నెలల గర్భిణి అయిన నా భార్య ఉన్నారు. ఆ రాత్రి మేం పడ్డ నరకం మాటల్లో చెప్పలేను. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉన్నా, "చెప్పకుండా చేసిన మార్పు వల్లే నష్టం జరిగింది" అంటూ 2024 అక్టోబర్ 9న బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. 2025 ఫిబ్రవరిలో మెయిల్ పెడితే మార్చిలో మళ్లీ కుదరదన్నారు. బయటి గ్యారేజీలో రూ.1,85,000 పెట్టి ఇంజిన్ చేయించుకున్నాను. బండికి కారుతో పాటు వచ్చిన ఎయిర్ బాక్సే (ఫిల్టర్ డబ్బా) ఉందని లెటర్‌ప్యాడ్ మీద రాసిస్తానని మెకానిక్ అంటున్నాడు. సెల్ఫ్ కొట్టలేదని అఫిడవిట్ ఇవ్వమని ఒక మిత్రుడి సలహా. ఐదేళ్లుగా ఒక్క క్లెయిమ్ లేకుండా ప్రీమియం కట్టిన నాకు న్యాయం జరుగుతుందా?
— ఎస్., చందానగర్

జవాబు: ఐదేళ్ల ప్రీమియం, ఆ రాత్రి పడ్డ కష్టం, ఈ రెండిటి మీదా వినియోగదారుల కమిషన్ తీర్పు ఇవ్వదు. మీ కేసు రెండు ఎత్తుల మధ్య ఉంది. షాపు వాళ్లు పెట్టిన ఫిల్టర్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు గాలి లోపలికి వెళ్లే మూతి ఎంత ఎత్తులో ఉండేది? ఆ రోజు నీళ్లు రెండో ఎత్తు దాకా వచ్చాయా, లేక మొదటిదాన్ని మాత్రమే ముంచాయా?

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌లో చల్లటి గాలి కోసం ఫిల్టర్‌ని బంపర్ వెనక, ఫాగ్ ల్యాంప్ పక్కకి దించుతారు. కారు కంపెనీ వాళ్లు మూతిని సాధారణంగా బానెట్ లాక్ దగ్గర, రేడియేటర్ పైన పెడతారు. ఫిల్టర్ మునిగిందంటే ఇంజిన్ గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. నీళ్లను పిస్టన్ నొక్కలేదు. 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, కంప్రెషన్ నిష్పత్తి 10.5:1 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు సిలిండర్‌కి 31, 32 మిల్లీలీటర్లే. రెండు పెద్ద చెంచాల నీళ్లు చాలు, పిస్టన్‌ని తిప్పే ఇరుసుతో కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోవడానికి. ఫిల్టర్‌కి తొడిగే వాటర్‌ప్రూఫ్ గుడ్డ చినుకుల్ని ఆపుతుందే తప్ప మునిగితే పనికిరాదు.

కాబట్టి నీళ్లు కారు కంపెనీ పెట్టిన మూతిని కూడా దాటాయని చూపగలిగితే, మార్పు చేయకపోయినా ఇంజిన్ పోయేదే. అప్పుడు మార్పుకీ నష్టానికీ సంబంధం లేదు. మినహాయింపు (పరిహారం ఇవ్వనక్కర్లేదన్న పాలసీ షరతు) వర్తిస్తుందని రుజువు చేయాల్సిన భారం బీమా కంపెనీదేనని ఇషర్ దాస్ మదన్ లాల్ కేసులో (2007) సుప్రీంకోర్టు చెప్పింది. నీళ్లు బంపర్ దగ్గరే ఆగి ఉంటే మాత్రం బీమా కంపెనీ వాదన గట్టిదే. అది మీకు ముందే తెలియాలి.

"నీళ్లు హెడ్‌లైట్ దాకా వచ్చాయి" అని మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. దానికి సాక్ష్యం ఏది? అండర్‌పాస్ సీసీ కెమెరా ఫుటేజీ కొన్ని వారాల్లోనే చెరిగిపోయి ఉంటుంది. ఆ వారంలోనే పోలీసులకు దరఖాస్తు పెట్టాల్సింది. ఇప్పుడు మిగిలినవి పోగేయండి. ఆ రాత్రి ఫోన్లో తీసిన అసలు ఫొటోలు, వీడియోలు కావాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన కాపీలు కాదు, తేదీ, సమయం చెదరని ఫైళ్లు. వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఫైళ్లను సాక్ష్యంగా పెట్టడానికి కావలసిన ధ్రువీకరణ) జత చేయండి. సర్వీస్ సెంటర్ మొదటి జాబ్ కార్డు, బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసిన సర్వేయర్ ఫొటోలు, సర్వే రిపోర్టు కాపీ లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. హెడ్‌లైట్ లోపల నీటి గీత, డోర్ ట్రిమ్ వెనక బురద చార, తడిసిన సీటు అడుగు వంటివి ఆ ఫొటోల్లో ఉంటే సర్వేయర్ రాసిన మాటకంటే బలంగా నిలబడతాయి. సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని ప్రదీప్ కుమార్ కేసులో (2009) సుప్రీంకోర్టు తేల్చింది. ఇదే మోడల్, మార్పులు లేని కారు ఒకటి పక్కన పెట్టి, నేల నుంచి మూతి దాకా టేపు పట్టి ఫొటో తీయండి. అండర్‌పాస్‌లో బస్సో లారీయో ఎదురొచ్చిందా? అది లేపే అల నిలిచిన నీటి మట్టం కంటే ఎత్తుగా కొడుతుంది. వచ్చి ఉంటే ఆ మాట అఫిడవిట్‌లో ఉండాలి, రాకపోతే ఉండకూడదు. ఇవన్నీ ఒక ఆటోమొబైల్ ఇంజినీర్ చేత పరిశీలింపజేసి రిపోర్టు రాయించండి.

ఇక మెకానిక్ లెటర్‌ప్యాడ్, మిత్రుడి అఫిడవిట్ సంగతి. రెండింటి జోలికీ వెళ్లవద్దు. బానెట్ తెరిచి సర్వేయర్ తీసిన ఫొటోలు ఫైల్లో ఉన్నాయి, ఆ ఇన్‌టేక్ వాటిలో కనబడుతూనే ఉంటుంది. దొంగ పత్రం ఒక్కటి బయటపడితే మోసపూరిత క్లెయిమ్ అన్న పేరుతో పాలసీ హక్కులన్నీ పోతాయి. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు దాకా వెళుతుంది. మెకానిక్ కూడా మీతో పాటు ముద్దాయి అవుతాడు.

పైగా ఆ అబద్ధం మీకు అక్కరే లేదు. సెల్ఫ్ కొట్టడం అనే కారణం తిరస్కరణ లేఖలో లేదు. లేఖలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో ఎత్తకూడదని గలాడా పవర్ కేసు (2016) చెబుతోంది. ఎత్తినా సాంకేతికంగా జవాబుంది. నడుస్తున్న ఇంజిన్ వేగంలో నీళ్లు మింగినప్పుడే రాడ్లు బాగా వంగుతాయి. స్టార్టర్ మోటారు బలానికి సాధారణంగా ఇంజిన్ తిరగక బిగుసుకుపోతుంది. ఆ వంగిన రాడ్లు మెకానిక్ దగ్గర ఉంటే ఇవాళే తెచ్చుకోండి. ఇద్దరు సాక్షుల సంతకాలతో సీల్ చేయండి. పాత సామాన్ల వాడికి అమ్మేశాక నన్ను అడిగి లాభం లేదు.

కంపెనీ ఎత్తగల మరో మాట మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, 182ఎ(4). అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇన్‌టేక్ మార్చినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన ఇంజిన్ నంబరు, సీసీ మారలేదని వాదించవచ్చు. అయితే 2024 మార్చి రెన్యువల్‌లో "మార్పులున్నాయా" అన్న ప్రశ్నకు ఏం నింపారు? ప్రపోజల్ ఫారం కాపీ తెప్పించండి. ఏజెంట్ నింపాడు, నేను చూడలేదు అంటే అది జవాబు కాదు. కింద సంతకం మీది.

ఫిర్యాదు గడువు గురించి గట్టిగా చెప్పాలి. మెయిల్ పెట్టిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుందన్న భ్రమలో ఉన్నట్టున్నారు. మొదలవదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. తిరస్కరణ తేదీ నుంచి లెక్కేస్తే 2026 అక్టోబర్ 8 నాటికి దాఖలై ఉండాలి, సంఘటన తేదీ నుంచే లెక్కించాలని కంపెనీ వాదించవచ్చు కనుక 2026 ఆగస్టులో ఆ సంఘటన తేదీ దాటనివ్వకండి. దాటితే కారణం చూపి, ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి. బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్ బీమా అంబుడ్స్‌మన్ దగ్గర ఖర్చు లేకుండా తేలేది, కానీ మీ వినతిని (ఫిబ్రవరి మెయిల్‌ని) కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. 2026 మార్చితో ఆ గడువు దాటిపోయింది. దానికి ఎవరినీ తిట్టలేరు.

రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. మీరు నివసించే చోటే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. ఫీజు లెక్కేది మీరు చెల్లించిన మొత్తం మీద, అంటే ప్రీమియం మీద, రూ.5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. ట్యూనింగ్ షాపును రెండో ప్రతివాదిగా చేర్చండి. బిల్లు తీసుకోకపోవడం మీ నిర్లక్ష్యమే. యూపీఐ చెల్లింపు, "వానలో ఏం కాదు" అన్న వాట్సాప్ మెసేజ్ ఉంటే అవి పని చేస్తాయి. బిగించిన తేదీ నుంచే గడువు లెక్కించాలని షాపు అడ్డుపడుతుంది. నష్టం జరిగిన రోజు నుంచి అని మీరు వాదించాలి. గ్యారేజీ ఖర్చులో జీఎస్టీ బిల్లు ఉన్నంత మేరకే కోరండి, చిట్టీలు నిలబడవు. అమలేందు సాహూ తీర్పు (2010) ఆధారంగా, పూర్తి మొత్తం ఇవ్వకపోతే నాన్-స్టాండర్డ్ పద్ధతిలో (షరతు తప్పినా కొంత తగ్గించి చెల్లించే పద్ధతి) 75 శాతమైనా ఇప్పించమని ప్రత్యామ్నాయ విజ్ఞప్తి మొదటి ఫిర్యాదులోనే రాయండి. తర్వాత చేర్చాలంటే సవరణ పిటిషన్, మళ్లీ వాయిదాలు.